ఆవకాయ లేబుల్‌కి జాడీ బొమ్మ తప్ప ఇంకేమీ తోచనప్పుడు: ఫ్రీలాన్స్ డిజైనర్లకు ఒక పని క్రమం

ఫ్రీలాన్స్ గ్రాఫిక్ డిజైనర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. “ఐడియాలు రావడం లేదు, ఏం చేయాలి?” అన్నది మొదటిది. “ఏం చేసినా ఎక్కడో చూసినట్టే ఉంటోంది” అన్నది రెండోది. చాలామంది రెండింటికీ ఒకే మందు వేస్తారు. పింటరెస్ట్ తెరిచి ఇంకో గంట చూస్తారు. దాంతో మొదటి బాధ కాసేపు తగ్గుతుంది, రెండోది ముదురుతుంది.

ఇక్కడ చెప్పేది పని క్రమం గురించి: ఎప్పుడు చూడాలి, ఎప్పుడు చూడడం ఆపాలి, ఎప్పుడు గీయాలి. ఉదాహరణకి ఇంటి పచ్చళ్ల వ్యాపారం ఒకటి ఆవకాయ లేబుల్ అడిగిందనుకుందాం. లోగోకైనా పెళ్లి కార్డుకైనా పుస్తకం అట్టకైనా క్రమం ఇదే.

## 1. ముందు ఏది కరువైందో తేల్చుకోండి

మీ చివరి పది పనుల్ని చిన్న సైజులో ఒకే ఏ4 కాగితం మీద ప్రింట్ తీయండి. ఒక్కోదాని కింద నాలుగు సంగతులు రాయండి: ఫాంట్, ప్రధాన రంగు, కూర్పు (ఏది ఎక్కడ, ఎంత పెట్టారన్నది), ఆ ఆలోచన వచ్చిన చోటు. స్క్రీన్ మీద చూస్తే సరిపోదు. పక్కపక్కన కాగితం మీద ఉన్నప్పుడే పోలికలు బయటపడతాయి.

- ఒకే ఫాంటో ఒకే కూర్పో నాలుగైదు సార్లు కనబడితే అది అలవాటు. 4, 5, 6 భాగాలు మీకోసం.
- “ఆన్‌లైన్‌లో చూశాను” అన్న మాటే ఎక్కువసార్లు వస్తే మీ దగ్గర సొంత సరుకు లేదు. 2వ భాగం నుంచి మొదలుపెట్టండి.
- క్లయింట్ ఏమడిగారో ఒక్క వాక్యంలో రాయలేకపోతే లోపం బ్రీఫ్‌లో (క్లయింట్ ఇచ్చిన పని వివరంలో) ఉంది. 3వ భాగం చూడండి.
- సగానికి పైగా గడువు రోజు రాత్రి చేసినవే అయితే మీకు ఐడియాల కొరత లేదు, టైం కొరత ఉంది. 8వ భాగం ముందు చదవండి.

ఈ చివరి రకం వాళ్లే అందరికన్నా ఎక్కువ. వాళ్లే ప్రేరణ గురించిన వీడియోలు ఎక్కువ చూస్తుంటారు.

## 2. సొంత సరుకు పోగేయడం

అందరూ ఒకే మాట కొట్టి వెతికితే అందరికీ అవే బొమ్మలు వస్తాయి. కాబట్టి ఇంకొకరి స్క్రీన్ మీద లేనివి మీ ఫోన్‌లో ఉండాలి. వారానికి రెండు గంటలు చాలు, కానీ ఆ రెండు గంటలు ఏ క్లయింట్ పనికీ చెందకూడదు.

ఎక్కడ చూడాలి, ఏం చూడాలి

వీధి నుంచి మొదలుపెట్టండి. ఫ్లెక్సీలు వచ్చాక కూడా పాత సైకిల్ షాపులు, ఎరువుల కొట్లు, టైలర్ల దగ్గర చేత్తో రాసిన బోర్డులు మిగిలే ఉన్నాయి. లారీల వెనక రాతలు, బడి గోడల మీది సూక్తులు, అగ్గిపెట్టెలు, బీడీ కట్టల చుట్టూ ఉండే కాగితాలు చూడండి. ఇవి రోజురోజుకీ తగ్గుతున్నాయి కాబట్టి వీటికే మొదటి చోటు ఇవ్వండి.

హస్తకళల దగ్గరికి వెళ్లినప్పుడు “బాగుంది” దగ్గర ఆగకుండా ఒక్కో కళలో ఒక్క పాఠం తీసుకోండి:

- చేర్యాల నకాషీ పటాల్లో కూర్పు చూడండి. పొడవాటి పటాన్ని అడ్డ పట్టీలుగా విడదీసి, ఎర్రటి నేల మీద కథని పైనుంచి కిందికి ఎలా నడిపిస్తారో గమనించండి.
- శ్రీకాళహస్తి కలంకారీలో గీత చూడండి. ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టిన కసిమితో వేసే నల్ల గీత ఎక్కడ లావుగా, ఎక్కడ సన్నగా పోతుందో చూడండి. పెడన అచ్చు కలంకారీలో చూడాల్సింది వేరు. చెక్క అచ్చు పక్కపక్కన పడినప్పుడు నమూనా ఎలా కలుస్తుందన్నది అక్కడి పాఠం.
- నిమ్మలకుంట తోలుబొమ్మల్లో ఖాళీ చూడండి. నగలు, బట్టల అంచులు తోలులో పొడిచిన చిల్లుల్లోంచి వచ్చే వెలుతురుతోనే కనిపిస్తాయి.
- ఏటికొప్పాక లక్క బొమ్మల్లో రంగు చూడండి. ఆ పసుపు, ఆ ఎరుపు కంప్యూటర్ రంగుల్లా అరవవు.
- లేపాక్షి పైకప్పు చిత్రాల్లో మనుషుల ముఖాలు వదిలేసి వాళ్ల బట్టల మీది నమూనాలు చూడండి. లతా మండపం స్తంభాల డిజైన్లు చీర అంచులకు ఎప్పుడో ఎక్కేశాయి. వాటిని కొత్తవి అనుకుని వాడకండి.

చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు గ్రిడ్ (కొలత తప్పని గళ్ల చట్రం) నేర్చుకోడానికి మంచి సాధన. ఇంట్లో ఎవరైనా వేస్తుంటే చుక్కలు పెట్టిన వరుస కూడా రాసుకోండి, అయిపోయిన ముగ్గు ఒక్కటే ఫోటో తీసి ఊరుకోకండి.

ఎలా తీయాలి

1. ఎదురుగా, వంపు లేకుండా నిలబడండి. పక్కనుంచి తీసిన బోర్డులో అక్షరాల కొలత తప్పుతుంది.
2. మూడు ఫోటోలు తీయండి: మొత్తం, సగం, దగ్గర నుంచి ఒక చిన్న ముక్క. దగ్గరిదాంట్లో కొలత కోసం వేలో నాణెమో ఉంచండి.
3. రంగు ముఖ్యమైతే ఫ్రేములో ఒక తెల్ల కాగితం పెట్టండి. ట్యూబ్‌లైటు కింద తీసిన రంగు తర్వాత సరిచేసుకోడానికి అదే ఆధారం.
4. గర్భాలయాల్లో కెమెరా వద్దు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి విడిగా అనుమతి కావాలి. పెన్సిలుకి ఎవరూ అడ్డు చెప్పరు. పైగా గీస్తే ఎక్కువ గుర్తుంటుంది.
5. మనిషి పనిచేస్తుంటే అడిగి తీయండి. వాళ్ల డిజైనే కావాలనుకుంటే డబ్బిచ్చి వేయించుకోండి.

ఎలా దాచాలి

ఆ రాత్రే కూర్చుని ఇరవై ఫోటోల్లో అయిదు ఉంచి మిగతావి తీసేయండి. ఒక్కోదానికి ఒక వాక్యం రాయండి: “తలకట్టు అన్ని అక్షరాల మీదా ఒకే గీతగా సాగింది” లాంటిది. “సూపర్ బోర్డు” అని రాస్తే ఆరు నెలల తర్వాత అది దేనికి తీశారో మీకే తెలియదు.

ఫోల్డర్ల పేర్లు అక్షరాలు, రంగులు, గీతలు, ఖాళీలు, కూర్పులు అని ఉండాలి. పెళ్లి, హోటల్, సినిమా అని పెట్టకండి. “పెళ్లి” అనే ఫోల్డర్ తెరిచి పెళ్లి కార్డు చేస్తే ఇంకో పెళ్లి కార్డే పుడుతుంది.

## 3. బ్రీఫ్‌ని తవ్వండి

“ట్రెడిషనల్‌గా ఉండాలి, కానీ మోడ్రన్‌గా కూడా ఉండాలి” అన్నది బ్రీఫ్ కాదు. లేబుల్ పనికి అడగాల్సినవి:

- సీసా వ్యాసం, ఎత్తు ఎంత? 7 సెంటీమీటర్ల సీసా చుట్టుకొలత సుమారు 22. కానీ ఎదురుగా నిలబడ్డవాళ్లకి వంపు లేకుండా కనిపించేది ఆరేడు సెంటీమీటర్లే. పేరు అందులో పట్టాలి.
- ఎక్కడ అమ్ముతారు? కొట్టు అరలోనా, వాట్సాప్ కేటలాగ్‌లోనా, అమెరికా వెళ్లే పార్శిల్‌లోనా?
- తప్పనిసరి రాతలేవి? ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, శాకాహార గుర్తు, పదార్థాల జాబితా, నికర బరువు, తేదీలు, ధర. వీటికి ముందే చోటు కేటాయించండి. డిజైన్ అయిపోయాక ఇరికిస్తే మీ కూర్పంతా చెడుతుంది.
- పక్కింటి ఆవకాయకి, మీ ఆవకాయకి తేడా ఏమిటి?

చివరి ప్రశ్నకి “క్వాలిటీ అండీ” అంటారు. అక్కడ ఆగకండి. “ముక్క ఎలా కొడతారండీ? ఎన్నో రోజున తిరగకలుపుతారు? జాడీకి వాసెన కడతారా?” అని పని గురించి అడగండి. పని గురించి అడిగితే ఎవరైనా గలగలా చెబుతారు, వాళ్ల నోటి మాటల్లోంచే బొమ్మలు వస్తాయి. విన్న నామవాచకాలన్నీ రాసుకోండి: టెంక, జీడి పొర, ఆవపిండి, పైకి తేలిన నూనె, వాసెన గుడ్డ, దాని ముడి. కనీసం పాతిక మాటలు అయ్యేదాకా అడుగుతూ ఉండండి.

## 4. చూడండి, మూసేయండి, గీయండి

ఈ వరుస తప్పితే మిగతా కష్టమంతా వృథా.

మొదటి రోజు. మాటల జాబితా దగ్గర పెట్టుకుని మీ సొంత ఫోల్డర్లు అరగంట చూడండి. తర్వాత మార్కెట్లో ఉన్న పచ్చళ్ల లేబుళ్లు పది నిమిషాలు చూడండి. ఇవి వాడుకోడానికి చూడడం లేదు. ఏవి అరిగిపోయాయో రాసుకోడానికి చూస్తున్నారు. ఎర్ర రంగు, జాడీ, ఆకుతో మామిడికాయ, ముసలమ్మ చేయి, ఎండు మిరపకాయల దండ: ఇవి మీ నిషేధ జాబితా.

అదే రోజు, స్క్రీన్ ఆపేశాక. మూడు ఏ4 కాగితాలు తీసుకోండి. ఒక్కోదాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి, ఒక్కోటి సుమారు 7.4 × 10.5 సెంటీమీటర్లు. మొత్తం 24 గళ్లు. గడికి మూడు నిమిషాలు టైమర్ పెట్టి, లావు పెన్నుతో గీయండి. సన్న పెన్సిల్ వద్దు, అందంగా గీయాలన్న బుద్ధి పుడుతుంది.

మొదటి కాగితం నిండా నిషేధ జాబితాలోవే వస్తాయి. రానివ్వండి, అవి బయటికి పోతేనే వెనకవి వస్తాయి. రెండో కాగితం మధ్యలో చేయి ఆగిపోతుంది. చాలామంది అక్కడే లేచి ఫోన్ తీస్తారు. అప్పుడు మాటల జాబితాలో ఏవైనా రెండు మాటల్ని కళ్లు మూసుకుని ఎంచి, వాటిని ఒకే గడిలో కలపండి. వాసెన ముడి, నూనె గీత అనుకోండి. సీసాలో నూనె ఎక్కడ తేలుతుందో సరిగ్గా అక్కడే లేబుల్ పై అంచు ఆగితే, అసలు నూనే డిజైన్‌లో భాగమవుతుంది. ఇలాంటివి మూడో కాగితంలోనే వస్తాయి.

రెండో రోజు పొద్దున. మూడు గళ్లు ఎంచండి. వాటిలో కనీసం ఒకటి మూడో కాగితంలోది కావాలి. ఎంచినవాటిని ఫోటో తీసి, ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూడండి. ఏమీ అర్థం కాకపోతే కూర్పులో ఎక్కువ సరుకు పెట్టారు.

కంప్యూటర్ దగ్గరికి వెళ్లేది ఇప్పుడే.

## 5. మూడు మూలాలు, మూడు వేర్వేరు చోట్ల నుంచి

ఒక్క చోటు నుంచి తెచ్చుకుంటే అది కాపీ లాగే కనిపిస్తుంది. ఆకారం ఒకచోటు నుంచి, రంగు ఇంకోచోటు నుంచి, కూర్పు వేరొక చోటు నుంచి తీసుకోండి. మూడింటిలో ఏదీ ఆ వ్యాపారానికి చెందినది కాకపోతే మరీ మంచిది. ఒక్కటి మాత్రం వస్తువులోంచే రావచ్చు.

మన లేబుల్ ఇలా కట్టవచ్చు:

- ఆకారం: టెంకతో కొట్టిన మామిడి ముక్క అంచు. ఒకవైపు గట్టి వంపు, మూడువైపులా కత్తి కోత. ఇది తిరగేస్తూ వేస్తే నమూనా అవుతుంది.
- కూర్పు: చేర్యాల పటంలోని అడ్డ పట్టీలు. కలిపిన రోజు, ఊరే రోజు, తిరగకలిపిన రోజు అని మూడు పట్టీలు. పటంలోని మనుషుల బొమ్మలు మాత్రం తేకండి.
- రంగు: ఏటికొప్పాక పసుపు, దాని పక్కన ముదురు గోధుమ. ఎరుపు సీసాలో ఉన్న పచ్చడే ఇస్తుంది.

మామూలుగా జరిగే తప్పు ఏమిటంటే, కలంకారీ నెమలిని స్కాన్ చేసి మూలన అతికించి “లోకల్ టచ్” అనడం. ఆ నెమలికి ఆవకాయతో ఏ సంబంధమూ లేదు. తీసుకోవాల్సింది పద్ధతిని, వదిలేయాల్సింది బొమ్మని. ఇంకో జాగ్రత్త: భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్న కళ పేరుని, అక్కడ తయారుకాని సరుకు మీద ముద్రించకూడదు. క్లయింట్ సరదాగా అడిగినా ఒప్పుకోకండి.

స్క్రీన్ మీద మెరిసే నారింజ, చిలక పచ్చ ప్రింట్‌లో మందగిస్తాయి. రంగు ఖాయం చేసే ముందే సీఎంవైకేలో (ప్రింటింగ్ సిరాల రంగు పద్ధతిలో) చూసి, అదే ప్రెస్‌లో, అదే కాగితం మీద ఒక నమూనా తీయించండి.

## 6. అక్షరాలు: తక్కువ ఖర్చులో ఎక్కువ సొంతదనం

అందరి దగ్గరా ఉన్నవి అవే ఉచిత ఫాంట్లు: రామభద్ర, మండలి, సురన్న, ఎన్‌టీఆర్, బాలూ తమ్ముడు. ఇవి మంచివే. చిన్న రాతలకి, వివరాలకి నిక్షేపంగా వాడుకోండి. పేరు మాత్రం చేత్తో రాయండి. బొమ్మలు గీయడం రానివాళ్లకి కూడా ఇది సాధ్యమే.

1. పేరుని కోసిన మొన ఉన్న మార్కర్‌తో పదిసార్లు, చదును బ్రష్‌తో పదిసార్లు, వెదురు పుల్లతో పదిసార్లు రాయండి.
2. ప్రతి కాగితంలో బాగా వచ్చిన ఒక్క అక్షరానికి సున్నా చుట్టండి. మొత్తం పదం బాగా వచ్చేదాకా ఆగకండి.
3. ట్రేసింగ్ కాగితం మీద ఆ అక్షరాల్ని ఒక వరుసలో చేర్చండి. తలకట్లు ఒకే ఎత్తులో ఉండాలా, ఎగుడుదిగుడుగా ఉండాలా అన్నది ఇక్కడే తేల్చుకోండి.
4. వత్తులు కిందికి దిగుతాయి, కాబట్టి రెండో వరుసకి చోటు ఎక్కువ వదలండి. పేరులో వత్తు ఉంటే అది అదృష్టం. అలంకారం పెట్టుకోడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.
5. ఫోటో తీసి వెక్టర్ (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మ) చేసేటప్పుడు, సాఫ్ట్‌వేర్ తనంతట తనే గీసే ఆటో ట్రేస్ వాడకండి, గీత నిండా అక్కర్లేని బిందువులు పుడతాయి. పెన్ టూల్‌తో మీరే గీయండి.

ముగ్గురికి చూపించి, ఏ వివరమూ చెప్పకుండా చదవమనండి. అలంకరించే హడావుడిలో ప, వ కలిసిపోతాయి (పై భాగం మూసుకుపోతే). మ, య తారుమారవుతాయి. ద కింద గీత తగిలితే ధ అవుతుంది. ఒక్కరు తడబడినా దిద్దండి.

ఫాంట్‌తో టైప్ చేసినప్పుడు పాత ఫోటోషాప్ వెర్షన్లలో వత్తులు విడిపోతుంటే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ని వరల్డ్-రెడీ లేఅవుట్‌కి మార్చి, కొత్త డాక్యుమెంట్ తెరవండి. ఇలస్ట్రేటర్‌లో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో ఇండిక్ ఆప్షన్స్ చూపించు అన్నది టిక్ చేయండి. వత్తు విడిపోయిన కార్డు ప్రింటయి వచ్చాక ఎన్ని ఐడియాలున్నా లాభం లేదు.

## 7. పంపేముందు పోలిక పరీక్ష

ఏఐ బొమ్మల టూల్‌ని వాడాలనిపిస్తే 24 గళ్లూ నిండాకే తెరవండి. “ఆవకాయ లేబుల్” అని అడిగి, అది ఇచ్చినవాటిని మీ స్కెచ్‌ల పక్కన పెట్టండి. అది ఇచ్చినట్టే ఉన్న మీ స్కెచ్‌ని కొట్టేయండి. ఎవరికైనా మొదట తోచేది ఏమిటో చెప్పడంలో దానికి సాటి లేదు, దాన్ని ఆ పనికే వాడండి. దాని తెలుగు అక్షరాల్ని మాత్రం నమ్మకండి.

- పూర్తయిన డిజైన్‌ని గూగుల్ లెన్స్‌లో వెతకండి. అక్షరాలు తీసేసి బొమ్మ ఒక్కటే ఇంకోసారి వెతకండి.
- లోగో అయితే భారత ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ పబ్లిక్ సెర్చ్‌లో పేరుని రాతతోనూ, ఉచ్చారణతోనూ చూడండి. పచ్చళ్లకి 29వ తరగతి, మసాలాలకి 30వ తరగతి.
- వాడిన ప్రతి ఫాంట్, ఫోటో లైసెన్సు ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంచండి. ఉచితంగా దిగినవన్నీ వ్యాపారానికి ఉచితం కావు.
- పాత చిత్రకారుల బొమ్మలు వాడుకునేముందు లెక్క చూడండి. మన దేశంలో కాపీరైట్ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. 1906లో పోయిన రవివర్మ చిత్రాలకి ఆ గడువు దాటింది. 2014లో పోయిన బాపు బొమ్మలకి దాటలేదు. ఆయన గీత తీరుని అనుకరిస్తే చట్టం పట్టుకోకపోవచ్చు, కానీ చూసినవాళ్లు మీ పేరు అడగరు.

మీ హక్కు సంగతి కూడా కొటేషన్‌లోనే రాయండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని లెక్క. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలు, వేయించుకున్న చిత్తరువుల విషయంలో మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. పోర్ట్‌ఫోలియోలో చూపించుకునే అనుమతి ఒక్క వాక్యం. అది మర్చిపోతే మీ మంచి పనే మీరు చూపించుకోలేరు.

## 8. ఎక్కడెక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

క్లయింట్ ఇంకొకరి డిజైన్ స్క్రీన్‌షాట్ పంపి “అచ్చం ఇలాగే” అంటే: వాదించకండి. “ఇందులో మీకు నచ్చింది రంగా, అక్షరమా, బొమ్మ పెట్టిన తీరా అండీ?” అని అడగండి. దాదాపు ఎప్పుడూ ఒక్కటే చెబుతారు. ఆ ఒక్కటి ఉంచి మిగతా రెండూ మార్చండి. మూడూ కావాలంటే, అది చేసినవాళ్ల దగ్గరికే వెళ్లమని మర్యాదగా చెప్పండి.

మూడో సవరణకి మొదటి ఆలోచన చచ్చిపోతే: ఎంచిన స్కెచ్‌ని, దాని కింద ఒక వాక్యాన్ని (“మూడు పట్టీలు అంటే మూడు రోజులు”) ప్రతి సవరణతో పాటు పంపండి. రంగు మారినా ఆ వాక్యం నిలవాలి. సవరణలు రెండు అని కొటేషన్‌లో రాసి, మూడోదానికి ధర పెట్టండి.

ఖాళీ కాగితం ముందు కూర్చుండిపోతే: పరిమితి పెట్టుకోండి. ఒకే రంగు, లేదా వలయాలు మాత్రమే, లేదా కత్తెర, కాగితం మాత్రమే. నలభై నిమిషాలు. సాయంత్రం లేచేటప్పుడు పని పూర్తిగా ముగించకుండా, రేపు పొద్దున ఏ గీతతో మొదలుపెట్టాలో రాసి లేవండి.

రెండు రోజుల గడువుతో పని వస్తే: పై క్రమం మొత్తం పట్టదు. 24 గళ్ల బదులు 8 చేయండి, కానీ నిషేధ జాబితా ముందే రాసి ఉంచండి. మధ్యలో ఒక రాత్రి నిద్ర తప్పనిసరి. తొందర పనికి ధర ఎక్కువ చెప్పండి, లేకపోతే నెలంతా తొందర పనులే వస్తాయి.

ఒకేసారి నాలుగు పనులు మీదపడితే: ఆలోచించే దశలో ఒకేసారి రెండింటికి మించి పెట్టుకోకండి. దిద్దుబాట్ల దశలో ఎన్నున్నా ఫర్వాలేదు. సగం అడ్వాన్స్ వచ్చాకే స్కెచ్ మొదలుపెట్టండి. అడ్వాన్స్ ఇవ్వని పనులే ఎక్కువ సవరణలు అడుగుతాయి.

సేకరణకి టైమే దొరకకపోతే: పంచాంగం చూడండి. పెళ్లి కార్డులు, ఫంక్షన్ పనులు చేసేవాళ్లకి ఆషాఢం, మూఢాలు ముహూర్తాలు లేని రోజులు. అప్పుడు ధర తగ్గించి ఏదో ఒక పని తెచ్చుకునే బదులు, ఒక ఊరు, ఒక కళ ఎంచుకుని మూడు రోజులు పెట్టుకోండి. మాఘం, ఫాల్గుణాల రద్దీకి పనికొచ్చే ఫోల్డర్లు అప్పుడే నిండాలి. కంపెనీలతో పనిచేసేవాళ్లకి మార్చి నెల ఊపిరాడదు కాబట్టి, ఏప్రిల్ మొదటి రెండు వారాలు అందుకు ఖాళీగా రాసి పెట్టుకోండి.